పనుల నడుమ ప్రభువుకు మొదటి చోటు ఎలా పెట్టాలి

మాది దేవరకొండ వైపు. మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను. ఎండలు ముదిరి బోర్లలో నీళ్లు కిందికి పోయాయంటే చాలు, మోటార్లు ఒకదాని వెనక ఒకటి కాలిపోతాయి. పొద్దున అయిదింటికే షట్టర్ మీద దబదబా కొడతారు. "అన్నా, చేను ఎండుతుంది, ఇవాళే కావాలె" అంటారు. అట్లాంటి సీజన్లో బైబిలు తెరవకుండా పడుకున్న రాత్రులు నాకు చాలానే ఉన్నాయి. నేను పాస్టర్‌ని కాను, బైబిలు కాలేజీకి పోలేదు. తప్పిపోయి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ తప్పిపోయి, చివరికి నిలబడ్డ అలవాట్లు కొన్ని ఉన్నాయి. అవే చెప్తాను.

"కాబట్టి మీరు ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి" అన్న మత్తయి 6:33 మాట మనలో చాలామంది ఇళ్ల గోడల మీద ఉంటుంది. అందులో మనల్ని ఇబ్బంది పెట్టేది "మొదట" అన్న ఒక్క ముక్కే. వెతకడానికి మనకేం అభ్యంతరం లేదు, పనులన్నీ అయ్యాక వెతుకుదామనుకుంటాం. పనులు ఎప్పుడు అవుతాయి? కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మన పెద్దలు విత్తనాల గింజలు ముందు తీసి పక్కన పెట్టేవాళ్లు, తిండి గింజల లెక్క తర్వాత. మిగిలితే చూద్దామనుకున్న ఇంటాయన వానలు పడేసరికి సంచి పట్టుకుని పక్కింటికి పోయేవాడు. రోజులో దేవుని వంతు కూడా అట్లాగే ముందే తీసి పెట్టుకోవాలి. ఎట్లా తీయాలన్నదే ఇక్కడ విషయం.

ముందు మూడు రోజుల లెక్క రాయండి

పాత క్యాలెండర్ పేజీ ఒకటి చించి వెనక వైపు రాయండి. లేచిన టైం, ఫోన్ చేతిలోకి తీసుకున్న టైం, పనిలో ఉన్నంతసేపు, ముచ్చట్లు, టీవీ, పడుకున్న టైం. మూడు రోజులు చాలు, అందులో ఒకటి ఆదివారం అయ్యేలా చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది. ఏ యాప్‌లో ఎన్ని నిమిషాలు ఉన్నారో మొహమాటం లేకుండా చూపిస్తుంది.

నేను చూసుకున్న రోజు యూట్యూబ్ ఒక్కదానికే 1 గంట 50 నిమిషాలు పోయింది. అదే రోజు మధ్యాహ్నం మా చర్చి అయ్యగారు (పాస్టర్) షాపు ముందు బండి ఆపితే, "ఊపిరాడట్లేదు అయ్యగారూ, వాక్యం చదవడానికే టైం దొరకట్లేదు" అని చెప్పాను. అబద్ధం ఆడదామని కాదు, నాకు నిజంగానే అట్లా అనిపించింది. అందుకే కాగితం మీద పెట్టమంటున్నాను.

అయితే ఈ లెక్క మిమ్మల్ని మీరు తిట్టుకోవడానికి వాడొద్దు. పొద్దున ఆరింటికి పత్తి ఏరడానికి ఆటో ఎక్కి, దీపాలు పెట్టే వేళకు దిగే అక్కకు నిజంగానే ఖాళీ తక్కువ. మంచం పట్టిన అత్తను చూసుకునే కోడలికి అంతకన్నా తక్కువ. వాళ్ల కాగితం మీద పది నిమిషాలు కనపడినా అది పెద్ద భాగమే.

రాసింది చూసుకున్నాక మీకే ఒకటి అర్థమవుతుంది. మన టైం తినేవాటిలో పాపపు పనులు పెద్దగా ఉండవు. పిల్లల ఫీజులు, చిట్టీ, పెళ్లి పిలుపులు, అప్పు వాయిదా, రీల్స్, ఇవే. విత్తువాని ఉపమానంలో ముండ్లపొదల్లో పడ్డ గింజ సంగతి అదే. ఆ గింజ మంచిదే, మొలిచింది కూడా. ఐహిక విచారం, ధనమోసం దాన్ని ఎదగనీయలేదు. మన పాలమూరు, నల్గొండ బీళ్లలో సర్కారు తుమ్మను ఎవరు నాటారు? ఒక్క రెండేళ్లు చూడకపోతే అదే వచ్చి కూర్చుంటుంది.

ఫోన్‌కంటే ముందు ఒక చోటు

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఛార్జర్ జరపడం. మంచం తల దగ్గరున్న ఛార్జర్‌ని తీసి వంటింట్లో స్విచ్ బోర్డుకు పెట్టాను. అలారం కోసం ఒక చిన్న గడియారం కొన్నాను. అంతే. ఇంతకుముందు కళ్లు తెరవగానే చెయ్యి ఫోన్ మీద పడేది. వాట్సాప్ చూసేసరికి ముగ్గురు రైతుల వాయిస్ మెసేజ్‌లు, బావ పంపిన రాజకీయ వీడియో, ఎవరిదో పుట్టినరోజు. మనసు అప్పుడే షాపుకు వెళ్లిపోయేది, ఒళ్లు మాత్రం మంచం మీద ఉండేది.

2018 జనవరి 1 నుంచి మన తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు రాత్రి వంతు కరెంటు అంటే మనిషి బోరు దగ్గరే పడుకోవాల్సి వచ్చేది, తెల్లవారుజామున ప్రార్థన తప్పినా ఒక అర్థం ఉండేది. ఆ సాకు పోయాక దాని చోట్లో ఫోన్ వచ్చి పడింది.

కాబట్టి ముందు చోటు ఖాయం చేయండి, తర్వాత టైం. ఇంట్లో ఒకే గది అయితే అరుగు మీద, లేదా బయట కుర్చీలో. ఒకే చోటైతే మంచిది. పది రోజులు అక్కడే కూర్చుంటే ఆ కుర్చీని చూడగానే ఇంట్లోవాళ్లకు కూడా తెలుస్తుంది, పిలవరు. మొదట పదిహేను నిమిషాలు చాలు. గంట పెట్టుకున్నవాళ్లు మూడో రోజుకే మానేస్తారు, నేనూ అట్లాగే రెండుసార్లు మానేశాను.

ఏం చదవాలి? ఎక్కడ తెరుచుకుంటే అక్కడ చదివే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది మానండి. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే. రోజుకు ఒకటి చొప్పున చదివినా సగం నెలలో అయిపోతుంది. ఒక పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివామన్న ధైర్యం వస్తుంది. ఆ తర్వాత సామెతలు. అందులో 31 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి తేదీ ఎంతైతే అదే అధ్యాయం, పేజీ గుర్తు కూడా అక్కర్లేదు. బాగా అలసిపోయిన రోజు 117వ కీర్తన ఉంది, రెండే వచనాలు. సిగ్గుపడకుండా చదవండి.

గట్టిగా చదవండి, పెదవులు కదిలేలా. పాత అనువాదంలో "వెదకుడి", "అనుగ్రహింపబడును" లాంటి గ్రాంథికం కళ్లతో చదివితే జారిపోతుంది. నోటితో పలికితే ఆగి, "ఇదేందిరా" అని ఆలోచించాల్సి వస్తుంది. అయినా అర్థం కాకపోతే వాడుక తెలుగులో వచ్చిన అనువాదాలు దొరుకుతున్నాయి, తెచ్చుకోండి. అర్థం కాని మాటను భక్తి అనుకోవద్దు. ఫోన్‌లో బైబిలు చదివేవాళ్లకు ఒక మాట. ముందు ఏరోప్లేన్ మోడ్ వేయండి. రెండో వచనం దగ్గర పైనుంచి నోటిఫికేషన్ దిగితే ఆ అధ్యాయం ఇక అయినట్టే.

చదువు రానివాళ్ల సంగతీ చెప్పాలి, మన ఊళ్ల సంఘాల్లో పెద్దవాళ్లు చాలామంది వాళ్లే. మా అమ్మ చదువుకోలేదు. 23వ కీర్తన ఆరు వచనాలూ ఆమెకు నోటికి వచ్చు, సండే స్కూల్ పిల్లలతో పాటు కూర్చుని నేర్చుకుంది. పొద్దున చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తూ చెప్పుకుంటుంది. "యెహోవా నా కాపరి" అని గడప దగ్గర మొదలవుతుంది. గాఢాంధకారపు లోయ వచ్చేసరికి చీపురు వేపచెట్టు కిందికి చేరుతుంది. ఆరో వచనం అయ్యేసరికి చెత్త గేటు దగ్గర కుప్ప. నాన్న పోయిన ఏడాది ఆ వేపచెట్టు దగ్గర చీపురు కాసేపు ఆగేది. మా ఇంట్లో చదువుకున్నవాళ్లం నలుగురం ఉన్నాం, మాలో ఎవరికీ ఆ కీర్తన అంత గట్టిగా రాదు.

పొద్దున అసలు కుదరని బతుకులు కూడా ఉన్నాయి. అబ్రహాం ఫ్రీసెన్ అనే మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీ 1889లో రష్యా నుంచి ఇండియాకు వచ్చి నల్గొండలో పని మొదలుపెట్టాడు. ఆ తర్వాతి తరాల్లో నమ్ముకున్న మా ఇంటి పెద్దలు పటేళ్ల దగ్గర జీతమున్నవాళ్లు. పొద్దు వాళ్ల సొంతం కాదు. మా తాత చెప్పేవాడు, ఎడ్లకు మేత వేసి, దొడ్డి తలుపు పెట్టి ఇంటికొచ్చేసరికి ఊరంతా పడుకునేదట, అప్పుడు కందిలి వెలిగించుకుని నాలుగిళ్లవాళ్లు ఒకచోట కూర్చుని పాడేవాళ్లట. వాళ్లకు "మొదట" అన్నది గడియారంలో మొదటి గంట కాదు, తమ చేతికొచ్చిన మొదటి గంట. నైట్ డ్యూటీ చేసేవాళ్లు, పోలేపల్లి సెజ్‌లో షిఫ్టులు మారేవాళ్లు ఈ లెక్క తీసుకోవచ్చు. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, ఫోన్ కంటే ముందు.

పనిలో ఉన్నప్పుడు

"పని చేస్తూనే ప్రార్థన చేసుకోవచ్చు కదా" అని కొందరు తేలిగ్గా అంటారు. కొన్ని పనుల్లో అవుతుంది, కొన్నిట్లో కాదు. నా పనే చూడండి. కాయిల్ చుట్టేటప్పుడు చుట్లు లెక్కపెట్టాలి. మధ్యలో ఎవరైనా "అన్నా, ఎంతవుతుంది" అని అడిగితే చాలు, లెక్క తప్పుతుంది. తప్పితే వైరంతా విప్పి మొదటికి రావాలి. ఆ టైంలో మనసు చుట్ల మీదే ఉండాలి, ప్రార్థన మీద ఉంటే రైతుకు చెడ్డ మోటార్ ఇస్తాను. అప్పుడు శ్రద్ధగా లెక్కపెట్టడమే దేవుని ఎదుట నేను చేయాల్సింది అని నా నమ్మకం. లెక్కల పని చేసేవాళ్లు, బండి నడిపేవాళ్లు, సూది మందు ఇచ్చే నర్సులు కూడా ఈ విషయంలో నేరం చేసినట్టు బాధపడొద్దు.

కానీ ప్రతి పనిలోనూ సందులు ఉంటాయి. మోనోబ్లాక్ మోటారుకు వార్నిష్ పోసి ఆరబెట్టినప్పుడు నాకు చేసేదేం ఉండదు. ఇంతకుముందు ఆ సందులో రీల్స్ చూసేవాణ్ని. ఇప్పుడు ఆ మోటార్ ఎవరిదో ఆ రైతు పేరు చెప్పి ప్రార్థిస్తాను. మీ పనిలో అట్లాంటి సందు ఏదో వెతికి, దానికి ఒకే ఒక్క ప్రార్థన కట్టేయండి. స్టార్టర్ నొక్కి నీళ్లు పైకి వచ్చేదాకా. కుక్కర్ మూడో విజిల్ దాకా. బిల్లు ప్రింట్ అయ్యేదాకా.

నెహెమ్యా 2వ అధ్యాయంలో రాజు "ఏం కావాలి నీకు" అని అడుగుతాడు. జవాబు చెప్పేలోపే నెహెమ్యా పరలోకమందలి దేవునికి ప్రార్థన చేశాడని నాలుగో వచనంలో ఉంటుంది. రాజు ముందు నిలబడి ఎంతసేపు చేసి ఉంటాడు? ఒక శ్వాస. షాపులో కోపంగా ఉన్న కస్టమర్‌కు జవాబు చెప్పే ముందు ఆ ఒక్క శ్వాసంత ప్రార్థన నన్ను చాలాసార్లు కాపాడింది. కాపాడని రోజులూ ఉన్నాయి, నోరు ముందు పోయింది.

పత్తి ఏరే అక్కలు మా వదినకు నేర్పింది ఇంకోటి ఉంది. నడుముకు గుడ్డ కట్టుకుని సాలు పట్టుకుంటారు. సాలుకు ఒక పేరు. ఈ సాలు మొత్తం పెద్దకొడుకు కోసం, ఆ సాలు ఆస్పత్రిలో ఉన్న పక్కింటామె కోసం. ఎండిన కాయ మొనలు వేళ్ల చివర గుచ్చుకుంటూనే ఉంటాయి. మాటలు అక్కర్లేదు, పేరు గుర్తుంటే చాలు అంటుంది మా వదిన. మా చెల్లె నల్గొండలో టీచరు, రోజూ బస్సే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి పొద్దున బస్సులో నిలబడటానికి చోటు దొరికితే గొప్ప, బైబిలు తెరిచే సంగతి చెప్పనే వద్దు. ఆమె పైకడ్డీ పట్టుకుని కొండమల్లేపల్లి వచ్చేదాకా తన క్లాసు పిల్లల పేర్లు హాజరు వరసలో తలుచుకుంటుంది.

గల్లాపెట్టె దగ్గర

ఇది రాయకుండా వదిలేస్తే మిగతాదంతా అబద్ధమవుతుంది. మా లైన్లో కాపర్ వైర్ అని బిల్లు వేసి అల్యూమినియం చుట్టడం, గేజ్ (తీగ మందం) తగ్గించడం కొత్తేం కాదు. పైకి కనపడదు. రైతుకు ఆ సీజన్ నడుస్తుంది, వచ్చే సీజన్‌కు మళ్లీ కాలుతుంది, మళ్లీ మన దగ్గరికే వస్తాడు. పొద్దున గంట ప్రార్థించి పది గంటలకు ఆ పని చేస్తే పొద్దున ప్రార్థించింది దేనికో నాకు అర్థం కాదు. నేను షాపు పెట్టిన కొత్తలో ఒక మోటారుకు తక్కువ గేజ్ వైర్ వేశాను. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది, అప్పుడు అట్లా అనుకున్నాను. ఆ మోటార్ రెండు నెలలకే తిరిగొచ్చింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు, "నా ఖర్మ అన్నా" అన్నాడు. కొత్త వైర్ వేసి డబ్బులు తీసుకోలేదు కానీ, ఎందుకు తీసుకోలేదో చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

మీ పనిలో ఈ గేజ్ తగ్గించడం ఎక్కడుందో మీకే తెలుసు. ఒకటి పట్టుకోండి, ఈ నెల దాన్ని మానండి.

డబ్బు విషయంలో పౌలు కొరింథీయులకు చెప్పిన పద్ధతి తేలికైంది. ఆదివారం ఆదివారం ఎవరు వర్ధిల్లిన కొద్దీ వాళ్లు తీసి పెట్టుకోమన్నాడు (1 కొరింథీ 16:2). చేతికి డబ్బు రాగానే వేరే కవర్లో పెట్టేయండి, నెలాఖరు దాకా ఆగితే ఏం మిగలదు. అయితే అప్పు తెచ్చి కానుక వేయొద్దు. పది మందిలో పేరు చదువుతారని తాహతుకు మించి రాయించి, తర్వాత చర్చికి రావడమే మానేసినవాళ్లను చూశాను.

ఆదివారం శనివారమే మొదలవుతుంది

ఆదివారం పొద్దున మన టౌన్లలో పొడుగు లైన్లు చికెన్ షాపు ముందు ఉంటాయి. నవ్వుతాలుకు అనట్లేదు. ఆరాధనకు ఆలస్యమైన ఇళ్లలో సగం ఇళ్ల కారణం అదే, లేదా ఇస్త్రీ లేని చొక్కా, కనపడని చెప్పు. కూర శనివారం రాత్రే తెచ్చుకోండి, లేదా ఆదివారం పప్పుతో సరిపెట్టి సాయంత్రం వండుకోండి. బట్టలు, కానుక కవర్, పిల్లల బైబిలు అన్నీ ఒక కుర్చీ మీద పెట్టి పడుకోండి. పావు గంట ముందు పోయి కూర్చుంటే మొదటి కీర్తన నుంచి ఉంటారు, అది వేరే లోకం.

కల్లంలో వడ్లు ఉన్నాయి, కొనుగోలు కేంద్రంలో కాంటా కాలేదు, మబ్బు పట్టింది. పోవాలా, పట్టాలు కప్పాలా? కప్పండి. విశ్రాంతి దినాన గుంటలో పడ్డ ఎద్దును తీయరా అని ప్రభువే అడిగాడు (లూకా 14:5). తడిసిన వడ్లు పెట్టుకుని పాట పాడమని ఎవరూ అనరు. కాకపోతే ఏడాదిలో ప్రతి ఆదివారం మన ఎద్దు ఒకటి గుంటలో పడుతుంటే, గుంట సంగతి కొంచెం చూసుకోవాలి.

పెళ్లిళ్లకు మా ఇంట్లో ఒక రూల్ పెట్టుకున్నాం. ముహూర్తం ఎప్పుడైనా, ఆరాధన అయ్యాకే బయల్దేరతాం. సొంత అక్కచెల్లెళ్ల, అన్నదమ్ముల ఇంటి పెళ్లయితే ఆ ఊరి చర్చికి పోతాం. చుట్టాలు మొదటి రెండేళ్లు గునిశారు. ఇప్పుడు వాళ్లే "మీరు భోజనాల టైంకు వస్తారుగా" అంటున్నారు. ప్రతిసారీ కొత్తగా ఆలోచించుకుంటే ప్రతిసారీ పెళ్లే గెలుస్తుంది, అందుకే రూల్ ముందే ఉండాలి.

ఇంట్లో

కుటుంబ ప్రార్థన పది నిమిషాలు దాటనివ్వకండి. అన్నం తిన్న వెంటనే, కంచాలు తీయకముందే. లేచి చేతులు కడిగితే ఒకరు టీవీకి, ఒకరు ఫోన్‌కు పోతారు. ఒక చరణం పాట, నాలుగు వచనాలు, ఇద్దరు ప్రార్థన. చదివే పని పిల్లలకు ఇవ్వండి, తప్పులు చదివినా మధ్యలో దిద్దకండి. మా చిన్నోడు "నెబుకద్నెజరు" పలకడానికి పడే తిప్పలకు అందరం నవ్వుతాం, అయినా ఆ పేరు వచ్చే అధ్యాయమే కావాలంటాడు.

మన దగ్గర చాలా ఇళ్లలో భార్య చర్చికి వస్తుంది, భర్త రాడు. అత్తింట్లో బోనాలు, బతుకమ్మ ఉంటాయి. అట్లాంటి ఇంట్లో ఉన్న అక్కకు నేను చెప్పగలిగింది తక్కువే, ఆ పోరు నాకు తెలియదు. మా పెద్దమ్మ మాత్రం ఇరవై ఏళ్లు అట్లా నెగ్గుకొచ్చింది. భర్తకు అన్నం పెట్టే వేళకు కూడికకు పోలేదు. ఉపవాసమున్న రోజు మొహం వేలాడేసుకోలేదు. చుట్టాల పండగకు పోయి వంటలో చెయ్యి వేసేది, పూజ దగ్గర మాత్రం పక్కకు నిలబడేది, దాని మీద ఉపన్యాసం ఇచ్చేది కాదు. పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయంలో వాక్యం లేకుండానే, నడవడితోనే భర్తలు రాబట్టబడతారని ఉంటుంది. మా పెద్దనాన్న ఇప్పటికీ లోపలికి రాడు. కానీ ఆదివారం పొద్దున బండి తుడిచి, ఆమెను చర్చి గేటు దాకా దింపి వెళ్తాడు.

చర్చి పనే అడ్డమైతే

నా అనుభవంలో అన్నిటికంటే తెలియకుండా దెబ్బ తీసేది ఇదే. ఒక ఏడాది యూత్ ట్రెజరర్‌గా ఉన్నాను. డిసెంబర్ ఒకటి నుంచి స్టార్లు, సీరియల్ లైట్లు, సెమీ క్రిస్మస్, కేక్ ఆర్డర్, మైక్ సెట్ బేరం, పిల్లల డ్రామాకు గొర్రెల కాపరుల తలపాగాలు, చందా పుస్తకం. ఇరవై అయిదో తేదీ రాత్రి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది, ఆ నెలలో నేను ఒంటరిగా ఒక్కసారి కూడా మోకరించలేదు. ఒక్కసారి కూడా. చర్చిలో అందరూ "బ్రదర్ ఎంత కష్టపడ్డాడు" అన్నారు.

మార్త చేసిందీ మంచి పనే, ఇంటికొచ్చిన ప్రభువుకు వంట. ఆమెతో ప్రభువు "అనేకమైన పనుల గురించి తొందరపడుచున్నావు" అన్నాడే కానీ వంట తప్పనలేదు. కాబట్టి కమిటీలో ఉంటే ఒక షరతు పెట్టుకోండి. పొద్దున ఆ పదిహేను నిమిషాలు తప్పిన వారంలో కొత్త బాధ్యత ఒప్పుకోవద్దు. ఉన్నవి చేయండి, కొత్తది వద్దు. అయ్యగారికి కూడా అదే మాట నిజం చెప్పండి, చాలామంది అర్థం చేసుకుంటారు.

వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చే వాక్యం బొమ్మలు ఇంకో పక్క. ఎనిమిది గ్రూపుల్లో ఎనిమిది వాక్యాలు, అన్నిటికీ చేతులు జోడించిన ఎమోజీ. చివరికి ఏ వాక్యం వచ్చిందని అడిగితే ఒక్కటీ గుర్తుండదు. నేను ఒక్క గ్రూపు ఉంచుకుని మిగతావి మ్యూట్ చేశాను. ఎవరూ ఏమీ అనలేదు, అసలు గమనించనే లేదు.

ఊరు విడిచి పోయినప్పుడు

పాలమూరు నుంచి పనికి పోవడం కొత్త కాదు, హైదరాబాద్ మేస్త్రీ పనికో, పుణె, ముంబైకో. దిగిన మొదటి ఆదివారమే దగ్గర్లో తెలుగు ఆరాధన ఎక్కడుందో అడగండి. రెండో వారం అనుకుంటే నెలలు గడిచిపోతాయి. పోయే ముందు సంఘం నుంచి ఒక ఉత్తరం తీసుకోండి, కొత్త చోట మాట కలుస్తుంది. శనివారం రాత్రి ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టి కుటుంబ ప్రార్థనలో కలవండి. కరెంటు బిల్లు, పిల్లల ఫీజు ముచ్చట ప్రార్థన అయ్యాక.

తప్పిపోయినప్పుడు

తప్పిపోతారు. మోటార్ల సీజన్, నాట్లు, పిల్లోడికి జ్వరం, ఏదో ఒకటి వస్తుంది. నాలుగు రోజులు తప్పితే నాలుగు రోజుల అధ్యాయాలు బాకీ అనుకుని ఒకేసారి కూర్చోవద్దు. చిట్టీ బాకీ లాగా అది పెరుగుతూ పోతుంది, చివరికి ఆ కుర్చీ వైపు చూడాలంటేనే భయం వేస్తుంది. తప్పినవి తప్పినట్టే వదిలేయండి. ఇవాళ్టి తేదీ ఎంతో సామెతల్లో అదే అధ్యాయం తెరవండి, లేదా మార్కులో ఆగిన చోటు నుంచి.

మంచి రోజు కోసం కూడా ఆగొద్దు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డు నా బైబిల్లో మూడేళ్లవి ఉన్నాయి, మూడూ కొత్తగానే ఉన్నాయి. ఇంతకీ నా అలవాటు నిలబడింది మాత్రం జూలైలో ఒక మామూలు మంగళవారం, షాపు ముందు వాన పడుతుంటే మొదలైంది.

రేపటికి మార్కు మొదటి అధ్యాయం పెట్టుకోండి, 45 వచనాలు. ముందు రోజు సాయంత్రం పొద్దు గుంకాక ఊరంతా తలుపు దగ్గర గుమిగూడి ఉంటుంది, రోగులు, జనం. 35వ వచనంలో యేసు చీకటి ఉండగానే లేచి అరణ్యానికి వెళ్లి ప్రార్థించాడని ఉంది, ఆ తర్వాతి మాట "అందరూ నిన్ను వెతుకుతున్నారు" అని శిష్యులు వచ్చి చెప్పడం. అక్కడ కాసేపు ఆగి, తర్వాత ముందుకు చదవండి. పడుకునే ముందు ఛార్జర్ మాత్రం వంటింట్లో పెట్టి రండి.